ఒత్తిడి పంపులో పుట్టదు

గాజువాక ఆటోనగర్‌లో రిపేరుకొచ్చిన టిప్పర్ ఒకటి. ఇంజన్ గట్టిగా అరుస్తోంది, పంపు తిరుగుతోంది, ఖాళీ బాడీ మెల్లగా పైకి లేస్తోంది. గేజు ముల్లు మాత్రం సున్నాకు కాస్త పైన వణుకుతూ నిలబడిపోయింది. కొత్తగా పనిలో చేరిన కుర్రాడికి కంగారు పుట్టింది. "ప్రెషర్ రావట్లేదు మేస్త్రీ, పంపు పోయినట్టుంది" అన్నాడు. మేస్త్రీ తలెత్తి కూడా చూడలేదు. "ఖాళీ బండికి ప్రెషరెందుకొస్తాదిరా? కంకరేసి ఎత్తు, అప్పుడు చూడు" అన్నాడు.

హైడ్రాలిక్స్ మీద పుస్తకాలు చదివినవాళ్ళలో కూడా సగంమంది తడబడేది ఇక్కడే. ఒత్తిడిని పంపు తయారు చేస్తుందని అనుకుంటారు. పంపు ఇచ్చేది ప్రవాహం ఒక్కటే. నిమిషానికి ఇన్ని లీటర్ల చమురును ట్యాంకులోంచి లాగి పైపులోకి నెడుతుంది, అంతటితో దాని పని సరి. అవతల అడ్డేమీ లేకపోతే ఆ చమురు హాయిగా సాగిపోతుంది, ముల్లు కదలదు. సిలిండర్ నెత్తిన బరువు కూర్చుంటే, దాన్ని ఎత్తడానికి ఎంత ఒత్తిడి కావాలో అంతవరకే ముల్లు లేస్తుంది. రెట్టింపు బరువు వేస్తే ఇంచుమించు రెట్టింపు దగ్గర ఆగుతుంది. ముల్లు ఎక్కడ నిలవాలో తేల్చేది బరువు. విశాఖలో ఓడ చుక్కాని దగ్గర్నుంచి ఉక్కు కర్మాగారం కొలిమి దాకా ఈ అధ్యాయంలో మనం చూడబోయే యంత్రాలన్నీ మేస్త్రీ అన్న ఆ మాట మీదే నడుస్తాయి.

ఆ మాటకు లెక్క కట్టినవాడు ఫ్రాన్స్ దేశపు బ్లేజ్ పాస్కల్. ద్రవాల సమతుల్యం మీద ఆయన రాసిన గ్రంథం 1662లో ఆయన చనిపోయాక, మరుసటి ఏడు అచ్చయింది. కదలకుండా మూసిన పాత్రలో బిగించిన ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెంచితే, ఆ పెరుగుదల ద్రవమంతటికీ, అన్ని దిక్కులకూ, ఏమాత్రం తగ్గకుండా చేరుతుందన్నది సూత్రం. రెండు ముషలకాలు (పిస్టన్లు) ఉన్న పాత్రలో ఒకదాని వైశాల్యం రెండోదానికి వందరెట్లు ఉంటే, చిన్నదాన్ని నొక్కే ఒక్క మనిషి పెద్దదాన్ని నొక్కే వందమందికి సరిజోడు అవుతాడని పాస్కల్ అప్పుడే చెప్పాడు.

అన్ని దిక్కులకూ అన్నది కళ్ళారా చూడాలంటే విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసురా దగ్గరికి వెళ్ళండి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 ఆగస్టు నుంచి మ్యూజియంగా ఒడ్డున నిలిచిన జలాంతర్గామి అది. లోపలికి దిగాక గోడ అడ్డకోతను గమనించండి, గుండ్రంగా ఉంటుంది. నీళ్ళు పైనుంచి మాత్రమే నొక్కేవైతే పైకప్పు ఒక్కటి మందంగా వేస్తే చాలు. కిందినుంచీ పక్కలనుంచీ కూడా అంతే గట్టిగా నొక్కుతాయి కాబట్టి, ఆ నొక్కుడును చుట్టూ సమానంగా పంచుకోగల గుండ్రటి ఆకారమే గతి. ప్రతి 10 మీటర్ల లోతుకూ సుమారు ఒక బార్ పెరుగుతుంది. బార్ అంటే చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు ఒక కిలో బరువు. 250 మీటర్ల లోతున 25 బార్లు. అక్కడ 60 సెంటీమీటర్ల వ్యాసమున్న గుండ్రటి మూత మీద పడే భారం 70 టన్నులు. ఇదే లెక్కను తిరగేసి టిప్పర్‌కు వేద్దాం. 200 బార్లు దాని పైపుకు మామూలు విషయం. సముద్రంలో అంత ఒత్తిడి కావాలంటే రెండు కిలోమీటర్ల లోతుకు పోవాలి, అక్కడ కురుసురా లాంటిది నలిగిపోతుంది. రోజూ మన పక్కనుంచి పోయే కంకర లారీ ఆ సముద్రపు ఒత్తిడిని బొటనవేలంత లావు రబ్బరు పైపులో పెట్టుకుని తిరుగుతోందన్నమాట.

ఇప్పుడు లారీ డ్రైవరు సీటు కింద పడుండే బాటిల్ జాకీని తీసుకోండి. చిన్న ముషలకం వైశాల్యం 1 చదరపు సెంటీమీటరు, పెద్దది 50 అనుకుందాం. చేత్తో 20 కిలోల బలం వేస్తే, పిడి మీట సాయంతో అది పదింతలై చిన్న ముషలకం మీద 200 కిలోలుగా పడుతుంది. చమురులో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 200 కిలోలు. పెద్ద ముషలకం దగ్గర 50 ఇంతలై 10 టన్నులు. చిన్న ముషలకం 2 సెంటీమీటర్లు దిగితే లోపలికి వెళ్ళేది 2 ఘనసెంటీమీటర్ల చమురు. 50 చదరపు సెంటీమీటర్ల మీద అది పరుచుకుంటే లారీ లేచేది 0.4 మిల్లీమీటర్లే. 10 సెంటీమీటర్లు లేవాలంటే 250 సార్లు పిడి ఆడించాలి. బలంలో వచ్చిన లాభాన్ని దూరం దగ్గర అణా పైసలతో సహా కక్కించుకుంటుంది ప్రకృతి. చెమటకు తగ్గింపు లేదు.

పాస్కల్ చెప్పినదాన్ని యంత్రంగా మలచడానికి మరో 130 ఏళ్ళు పట్టడం వెనక కారణం లీకు. లండన్‌లో తాళాలు తయారుచేసే జోసెఫ్ బ్రామా 1795లో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. సిద్ధాంతం సరిగ్గానే ఉంది, ప్రెస్సు మాత్రం ముషలకం చుట్టూ నీళ్ళు కక్కేది. చుట్టూ గట్టిగా బిగిస్తే ముషలకం కదలదు, వదులు చేస్తే నీళ్ళు ఆగవు. దీనికి విరుగుడు కనిపెట్టినవాడు బ్రామా దగ్గర పనిచేసే హెన్రీ మాడ్స్‌లే అని చెబుతారు. తోలును కప్పులా మలిచి, దాని నోరు నీళ్ళవైపుకు తిప్పి బిగించాడు. నీళ్ళ ఒత్తిడి కప్పు లోపల పడి తోలు అంచును తానే గోడకేసి అదుముతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ బిగువు పెరుగుతుంది, తగ్గితే వదులవుతుంది. కారడానికి చూసే నీటితోనే కారే దారి మూయించాడు! ఈనాడు ఆటోనగర్ షాపుల్లో మేకులకు దండల్లా వేలాడే సీళ్ళలో ఒకదాన్ని చేతిలోకి తీసుకుని అంచును వేలితో విప్పి చూడండి. తోలు పోయి పాలీయురెథేన్ వచ్చింది, ఆకారం మాడ్స్‌లేదే. దాన్ని తిరగేసి బిగించిన కుర్రాడికి సిలిండర్ నిమిషంలో సంగతి చెబుతుంది. పాస్కల్ పేరు ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంది, మాడ్స్‌లే పేరు ఎక్కడా కనబడదు. నా లెక్కలో ఇది అన్యాయం.

ఇక పోర్టుకు వద్దాం. 1933లో మొదలైన లోపలి హార్బరులోకి ఓడ రావాలంటే డాల్ఫిన్ నోస్ కొండను ఆనుకున్న ఇరుకు కాలువ గుండా రావాలి. అంత ఓడనూ తిప్పే చుక్కానిని ఆడించేది వెనకభాగంలో, నీటిమట్టానికి దగ్గరగా ఉండే గదిలోని హైడ్రాలిక్ సిలిండర్లు. పూర్తి వేగంతో పోతున్నప్పుడు చుక్కాని ఒకవైపు 35 డిగ్రీల నుంచి రెండోవైపు 30 డిగ్రీలకు 28 సెకన్లలోగా తిరగాలని అంతర్జాతీయ సముద్ర భద్రతా ఒప్పందం 'సోలాస్' చెబుతుంది. ఈ నిబంధనలో రెండు కోరికలు ఇమిడి ఉన్నాయి. నీటి తోపుడుకు ఎదురొడ్డి చుక్కానిని తిప్పగల బలం ఒకటి, 28 సెకన్లలో తిప్పగల వేగం రెండోది. బలం ఒత్తిడితో వస్తుంది, వేగం ప్రవాహంతో వస్తుంది. ఈ రెంటినీ కలగాపులగం చేసినవాళ్ళు హైడ్రాలిక్ యంత్రంలో లోపాన్ని జన్మలో పట్టుకోలేరు.

ఇరుకు జలాల్లో, జాగ్రత్త అవసరమైన చోట్ల, ఒకటికి మించిన స్టీరింగ్ పంపులు నడపాలని అదే ఒప్పందంలో ఇంకో నియమం. రెండో పంపు వేస్తే ఏమవుతుంది? చుక్కాని మీద నీటి భారం మారలేదు కాబట్టి ఒత్తిడి ఇంచుమించు అంతే ఉంటుంది. నిమిషానికి వచ్చే చమురు రెట్టింపవుతుంది, చుక్కాని దాదాపు సగం సమయంలో తిరుగుతుంది. ఒక పంపు ఆగిపోయినా రెండోది అప్పటికే తిరుగుతూ ఉంటుందన్నది అంతకంటే ముఖ్యమైన లాభం. కాలువలో కొండ పక్కనుంచి పోతున్నప్పుడు పంపు స్టార్టరు కోసం వెతుక్కునే తీరిక ఎవరికుంటుంది?

ఒత్తిడిని బరువు నిర్ణయిస్తుందన్న మాటకు ప్రమాదకరమైన కొస ఒకటుంది. సిలిండర్ చివరిదాకా చాచుకుని ఆగిపోయిందనుకోండి, పంపుకు ఆ సంగతి తెలియదు. అది తన లీటర్లను నెడుతూనే ఉంటుంది. పోవడానికి చోటు లేదు, చమురు నలగదు, కాబట్టి ఒత్తిడి క్షణాల్లో ఆకాశానికంటుతుంది. పైపు పగలడమో, పంపు ఇరుసు విరగడమో జరిగేదాకా పెరుగుతుంది. అందుకే పంపును దాటగానే రిలీఫ్ వాల్వ్ పెడతారు. స్ప్రింగు బిగువుతో అమర్చిన హద్దు దాటగానే అది తెరుచుకుని చమురును తిరిగి ట్యాంకులోకి వదిలేస్తుంది. యంత్రం మొరాయిస్తే కొంతమంది ముందుగా స్పానరు పెట్టి బిగించేది ఈ వాల్వ్‌నే. అంతకన్నా బుద్ధి తక్కువ పని లేదు. వాల్వ్ గుండా పోయే చమురు పనేమీ చేయకుండా వేడిగా మారుతుంది. 250 బార్ల దగ్గర నిమిషానికి 100 లీటర్లు ఇలా పోతుంటే దాదాపు 42 కిలోవాట్లు అచ్చంగా చమురును కాచడానికే ఖర్చవుతున్నట్టు లెక్క. చేయి పెట్టలేనంతగా ట్యాంకు కాలిపోతుంటే కారణం చాలాసార్లు ఇదే.

చమురు నలగదు అన్నాను గానీ, అది స్కూలు పుస్తకం మాట. 250 బార్ల కింద హైడ్రాలిక్ ఆయిల్ ఒకటిన్నర శాతం దాకా కుదించుకుంటుంది. 100 లీటర్లు పట్టే పెద్ద సిలిండర్‌లో అంటే లీటరున్నర. బిగించిన ఆ చమురును వాల్వ్ తెరిచి ఒక్కసారిగా వదిలితే షెడ్డు అదిరేలా ఢామ్మని శబ్దం వస్తుంది. పెద్ద ప్రెస్సుల్లో అందుకే ఒత్తిడిని మెట్లు మెట్లుగా దించుతారు.

తొలినాళ్ళలో ఇదంతా చమురుతో కాక నీళ్ళతోనే నడిచింది. ఇంగ్లండులోని న్యూకాజిల్ రేవులో విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ 1846లో ఊరి మంచినీళ్ళ పైపునుంచి నడిచే క్రేను నిలబెట్టాడు. లండన్ టవర్ బ్రిడ్జి రెక్కలు 1894 నుంచి 1970ల దాకా నీటి ఒత్తిడితోనే లేచాయి. నీళ్ళు చవకే గానీ తుప్పు పట్టిస్తాయి, చలికి గడ్డకడతాయి, రాపిడికి నూనెలా అడ్డుపడవు. 1906లో అమెరికా యుద్ధనౌక వర్జీనియా ఫిరంగులను తిప్పడానికి నీటి బదులు చమురు వాడటంతో దారి మళ్ళింది. ఇవాళ విశాఖ పోర్టులో చక్రాల మీద తిరిగే హార్బర్ క్రేన్ల పొడవాటి చేతిని ఎత్తి దించేది చమురు నిండిన సిలిండరే.

అసలు పరీక్ష ఉక్కు కర్మాగారంలో ఉంది. విశాఖ ఉక్కు కోసం జరిగిన ఉద్యమం గురించి ఇంటింటా తెలుసు. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారని, 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారని పోటీ పరీక్షలు రాసే పిల్లలు గడగడా చెబుతారు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న ఆ బ్లాస్ట్ ఫర్నేసుల నోరు ఎలా మూస్తారో మాత్రం లోపల పనిచేసేవాళ్ళకు తప్ప తెలియదు. తొలి రెండింటినీ ఒక్కొక్కటి 3200 ఘనమీటర్ల పరిమాణంతో కట్టారు. అడుగున చేరిన 1500 డిగ్రీల ద్రవ ఇనుమును బయటికి తీయడానికి గోడలో మట్టితో పూడ్చి ఉంచిన ట్యాప్ హోల్‌ను డ్రిల్లుతో తొలుస్తారు. ఇనుమూ స్లాగూ ధారగా కాలువల్లోకి వస్తాయి. రావలసింది వచ్చాక ఆ రంధ్రాన్ని మళ్ళీ మూయాలి. ధార ఆగాక తీరిగ్గా మూద్దామంటే కుదరదు, లోపలి వాయువు ఒత్తిడికి నిప్పురవ్వలు చిమ్ముతుండగానే మూయాలి.

ఆ పని మడ్ గన్‌ది. జంతికల గొట్టాన్ని భారీగా ఊహించుకోండి: గొట్టంలో పిండికి బదులు అగ్నికి తట్టుకునే ముద్ద మట్టి, వెనకనుంచి నెట్టేది హైడ్రాలిక్ ముషలకం. పక్కన ఒదిగి నిలబడిన గన్ సెకన్ల వ్యవధిలో చాపంలా తిరిగొచ్చి, మూతిని రంధ్రానికి ఆనించి అదుముతుంది. ఆ వెంటనే ముషలకం మట్టిని లోపలికి తోస్తుంది. ముషలకం వ్యాసం 40 సెంటీమీటర్లు, చమురు ఒత్తిడి 250 బార్లు అనుకుంటే తోపుడు 300 టన్నులు దాటుతుంది. ఇక్కడ మళ్ళీ మేస్త్రీ మాటే. మట్టి మెత్తగా ఉండి రంధ్రం ఖాళీగా ఉన్నంతసేపూ గేజు తక్కువ చూపిస్తుంది. లోపల నిండి, మట్టి బిగుసుకోవడం మొదలుపెట్టగానే ముల్లు ఎగబాకుతుంది. మట్టి ఎంత లోపలికి పోయిందో, ఎంత గట్టిగా పట్టిందో కళ్ళతో చూసే వీలు లేని చోట ఆపరేటరుకు కబురు మోసుకొచ్చేది ఆ ముల్లే.

ఈ పనికి ఒకప్పుడు కరెంటు మోటారుతో మరను తిప్పే గన్నులు ఉండేవి. వాటిని హైడ్రాలిక్ గన్ తప్పించడానికి బలం ఒక్కటే కారణం కాదు. మట్టి వేడికి కాలి గట్టిపడేదాకా గన్ మూతిని అలాగే అదిమిపట్టి నిమిషాల తరబడి ఉంచాలి. కదలకుండా అంత బలం వేస్తూ నిలబడమంటే మామూలు మోటారు చుట్టలు మాడిపోతాయి. సిలిండర్‌కు ఆ బాధ లేదు, చమురును లోపల బంధించి వాల్వ్ మూస్తే చాలు, సీళ్ళు బాగున్నంతవరకు అదుముతూనే ఉంటుంది. పైగా ఇంత బలం ఇంత చిన్న చోట పట్టడం మరో పద్ధతిలో కష్టం. పంపునూ మోటారునూ నిప్పుకు దూరంగా వేరే గదిలో పెట్టి, కొలిమి దగ్గరికి పైపులు మాత్రమే పంపొచ్చు.

మరి సరిగ్గా మూసే వేళకే కరెంటు పోతే? ఆ మాట ముందే ఆలోచించి అక్యుములేటర్లు పెట్టారు. మందపాటి ఉక్కు సీసాలో రబ్బరు సంచి, సంచిలో నైట్రోజన్, చుట్టూ చమురు. పంపు నడుస్తున్నంతసేపూ చమురు చేరి నైట్రోజన్‌ను నొక్కుతుంది. పంపు ఆగగానే ఆ వాయువు విప్పారి చమురును వెనక్కి నెట్టి, మిగిలిన కదలికలను పూర్తి చేయిస్తుంది. ద్రవం ఎంత నొక్కినా పెద్దగా నలగదు కాబట్టి దాంట్లో శక్తిని దాచలేం. దాచే పని వాయువుకు అప్పగించి, మోసే పని ద్రవానికి వదిలారు. ఇందులో ఒక తిరకాసు ఉంది. కరెంటు తీసేశాం కదా అని సీసాలోని ఒత్తిడి దించకుండా పైపు విప్పినవాడి మీదికి ఆ శక్తంతా ఒకేసారి వస్తుంది.

నిప్పు దగ్గర చమురుకు ఇంకో గండం. 200 బార్ల ఒత్తిడిలో సూదిబెజ్జమంత లీకు పడితే చమురు కారదు, పొగమంచులా చిమ్ముతుంది. ఆ తుంపరకు ఎర్రటి లోహం తగిలితే మంటల బాణమే. 1956 ఆగస్టు 8న బెల్జియంలోని మార్సినెల్ బొగ్గు గనిలో బండి ఒకటి లిఫ్టు బోనులోకి సరిగ్గా ఎక్కకపోవడంతో కరెంటు తీగలూ, హైడ్రాలిక్ చమురు పైపూ కలిసి తెగాయి. ఆ అగ్నిప్రమాదంలో 262 మంది చనిపోయారు. ఆ దుర్ఘటన తర్వాతే యూరప్‌లో తొందరగా అంటుకోని హైడ్రాలిక్ ద్రవాలపై పట్టుదల పెరిగింది. వాటిలో ఉక్కు పరిశ్రమకు బాగా అలవాటైనది వాటర్ గ్లైకాల్. దానిలో మూడోవంతు పైచిలుకు నీళ్ళే. వేడి తగిలితే ముందు ఆ నీరు ఆవిరై మంటను ఎదగనివ్వదు. తుప్పు పట్టిస్తుందని, రాపిడికి ఆగదని తరిమేసిన నీటిని నూరేళ్ళు తిరక్కుండానే మందులు కలిపి మర్యాదగా పిలిపించుకున్నాం.

యంత్రాలను ఎక్కువగా చంపేది మాత్రం నిప్పు కాదు, దుమ్ము. చమురును ఎటు పంపాలో నిర్ణయించే వాల్వ్ లోపల స్పూల్ అనే ఉక్కు కడ్డీ ముందుకీ వెనక్కీ జరుగుతుంది. కడ్డీకీ దాని గూటికీ మధ్య సందు కొన్ని మైక్రాన్లే. 40 మైక్రాన్లకంటే చిన్న రేణువు మన కంటికి ఆనదు. అంటే స్పూల్‌ను పట్టేసే రేణువును ఎవరూ చూడలేరు, చమురు గాజులా తేటగా ఉన్నా నమ్మడానికి లేదు. పోర్టు పక్క కాలనీల్లో బాల్కనీ తుడిచిన గుడ్డకు అంటే బొగ్గుపొడి, ఇనుప ఖనిజం పొడి గురించి విశాఖవాసులు ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. అదే గాలిని హైడ్రాలిక్ ట్యాంకు కూడా పీలుస్తుంది. సిలిండర్ చాచుకున్నప్పుడల్లా ట్యాంకులో మట్టం తగ్గి, బ్రీదర్ గుండా బయటి గాలి లోపలికి వస్తుంది. దుమ్ముతో పాటు సముద్రపు తేమా, ఉప్పూ వస్తాయి. తళతళలాడే క్రోమ్ రాడ్ మీద ఉప్పుగాలి తుప్పు మచ్చ ఒక్కటి పెట్టిందంటే, అది లోపలికీ బయటికీ జరిగిన ప్రతిసారీ సీలు అంచును ఆకురాయిలా గీస్తుంది. బ్రీదర్ ఫిల్టరు ధర సిలిండర్ ధర ముందు లెక్కలోది కాదు. దాన్ని మార్చడానికి వాయిదాలు వేసే ఆసాములు సిలిండర్‌కు మాత్రం అప్పు చేసైనా డబ్బు తెస్తారు.

చమురు ఎంపికలోనూ ఊరి వాతావరణం చూడాలి. డబ్బా మీద 46, 68 అని ఉండే అంకెలు 40 డిగ్రీల దగ్గర ఆ చమురు ఎంత చిక్కగా ఉంటుందో సెంటీస్టోకుల్లో చెబుతాయి. చమురు పని వేడికి ఇంకా కాగి పలచబడుతుంది, పలచబడితే సీళ్ళ సందుల్లోంచి, పంపు లోపలి సందుల్లోంచి వెనక్కి జారుకుంటుంది. అందుకే పొద్దున చురుగ్గా లేచిన టిప్పర్ బాడీ మధ్యాహ్నానికి నీరసిస్తుంది. "ప్రెషర్ తగ్గింది" అంటాడు డ్రైవరు. నిజానికి తగ్గింది ప్రవాహం. బరువు ఒకటే, ఎత్తడానికి పట్టే సమయం పెరిగింది. మంచి మేస్త్రీ గేజు కంటే ముందు గడియారం చూస్తాడు.

ఇంతదాకా చదివినవాళ్ళకు, ముఖ్యంగా ఇంట్లో ఎవరైనా ఈ యంత్రాల దగ్గర పనిచేస్తుంటే, రెండు సంగతులు చెప్పాలి. ఎత్తి ఉంచిన టిప్పర్ బాడీ కిందికి, జాకీ మీద నిలిపిన బండి కిందికి, ఉక్కు ఊతం పెట్టకుండా వెళ్ళొద్దు. ఆ బరువును ఆపుతున్నది ఒక సీలు అంచు మాత్రమే. రెండోది, పైపు ఎక్కడ లీకవుతోందో చేత్తో తడిమి చూడొద్దు. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. సూదిబెజ్జం లీకు నుంచి చిమ్మే చమురు 7 బార్ల దగ్గరే చర్మాన్ని చీల్చి లోపలికి దిగగలదు, హైడ్రాలిక్ పైపులో ఉండేది దానికి పాతిక ముప్పై రెట్లు. బయటికి చీమ కుట్టినంత గాయమే కనబడుతుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు. లోపల మాత్రం కండరాలు కుళ్ళిపోవడం మొదలవుతుంది, కొన్ని గంటల్లో ఆపరేషన్ జరగకపోతే వేలో చెయ్యో తీసేయాల్సి రావొచ్చు. అలాంటిది జరిగితే పసుపు రాసి కట్టు కట్టి ఊరుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. గుచ్చుకుందని కాకుండా, హైడ్రాలిక్ ఆయిల్ ఒత్తిడితో లోపలికి పోయిందని డాక్టరుకు విడమరిచి చెప్పండి.